నాలుగో అంతస్తు

"కేసే లేదు మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కాలు జారి పడ్డవాడి తరఫున ఎవరి మీద పెట్టమంటారు? ఈ కన్నం మీదా?"

కన్నం మా ఇద్దరి మధ్యే ఉంది. నీళ్ళ గొట్టాల కోసం స్లాబులో వదిలిన చదరపు ఖాళీ. మనిషి పట్టేంత ఉంది. నిన్న సాయంత్రం రోప్‌వే డ్రైవరు అందులోంచి కింది అంతస్తులోకి పడ్డాడు. తల పగిలింది. ఇప్పుడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. అదే ఆసుపత్రిలో నర్సుగా చేసే అతని భార్య, యూనిఫాం కూడా మార్చుకోకుండా పొద్దున్నే నా గుమ్మం ఎక్కింది. పోలీసులు వదిలేసిన చిక్కులు విప్పడమే నా పని.

ఆమె అడిగింది ఒక్కటే. "ఎవరైనా తోశారా, ఆయనే పడ్డారా అన్నది తర్వాత సంగతి మేడమ్. మా ఆయన అమ్ముడుపోలేదని ముందు తేల్చండి. మూడింటికి మీటింగు ఉంది. ఆ లోపల తేలకపోతే ఆయన బతికొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే."

మీటింగు పనివాళ్ళ ఇళ్ళ సంఘానిది. ఈ కొండమీద ప్రతి ఖాళీ గదీ టూరిస్టుల గదిగా మారిపోయాక, ఆ గదులు ఊడ్చేవాళ్ళకీ, ఆ పక్కలు మార్చేవాళ్ళకీ పడుకునే చోటు లేకుండా పోయింది. కారు షెడ్డులో ఒక సంసారం, మెట్ల కింద ఇంకో సంసారం. వంటవాళ్ళు, డ్రైవర్లు, నర్సులు, బట్టలుతికేవాళ్ళు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. వాలు మీద ఐదంతస్తుల ఇల్లు మొదలుపెట్టారు. గోడలు లేచాయి, తలుపులు పెట్టలేదు. సరిగ్గా అప్పుడు రిసార్టు కంపెనీ దిగింది. కట్టినంత వరకూ మాకు ఇచ్చెయ్యండి అంది. ఇవ్వాలా వద్దా అన్నది ఈ మీటింగులో చేతులెత్తి తేల్చుకోవాలి.

సంఘానికి ప్రెసిడెంటు నర్సు అన్నయ్య. బేకరీ ఉంది ఆయనకి. సెక్రటరీ ఆమె మొగుడు, ఈ రోప్‌వే డ్రైవరు. ఇన్నాళ్ళూ కంపెనీ వాళ్ళని గేటు దాటనివ్వనిది అతనే. నిన్న అతని జేబులోంచి ఆ కంపెనీ ఇత్తడి బిళ్ళ బయటపడింది. ఫ్లాటు బుక్ చేసుకున్నవాళ్ళకి మాత్రమే ఇచ్చే బిళ్ళ. ఆ వార్త ఆంబులెన్సు కన్నా ముందే ఊరు చుట్టేసింది.

"సెక్రటరీయే అమ్ముకున్నాక మనమెందుకు పట్టుకు వేలాడడం అంటున్నారు అందరూ," అంది నర్సు. "చేతులెత్తేస్తారు మేడమ్. ఇల్లు పోతుంది, ఆయన పేరూ పోతుంది."

అందుకే పదింటికల్లా ఇక్కడికొచ్చాను. నాకన్నా ముందు ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు.

"బిళ్ళ ఏ జేబులో దొరికింది?" అన్నాను.

"ప్యాంటు వెనక జేబులో. బొత్తాం కూడా పెట్టి ఉంది. జాగ్రత్తగా దాచుకున్నాడు." ప్లాస్టిక్ సంచి నా కళ్ళ ముందు ఆడించాడు. ఇత్తడి మీద 4-2 అని చెక్కి ఉంది. "నాలుగో అంతస్తు, రెండో నంబరు. సరిపోయిందా? బేరం కుదిరాక ఇల్లు చూసుకుందామని వచ్చాడు. పొగమంచు. కన్నం కనపడలేదు. పడ్డాడు."

"మీకు కబురు చేసిందెవరు?"

"ఐదున్నరకి స్టేషన్‌కి ఫోనొచ్చింది. బస్టాండు ఫోను. మగ గొంతు, పేరు చెప్పలేదు. 'సంఘం బిల్డింగు, నాలుగో అంతస్తు, వెనక గది. మనిషి పడున్నాడు, తొందరగా వెళ్ళండి' అని పెట్టేశాడు."

"మనిషి దొరికింది రెండో అంతస్తులో కదా?"

ఇన్‌స్పెక్టర్ మొహం గంటు పెట్టుకున్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

ఇక్కడ మా ఊరి లెక్క ఒకటి చెప్పాలి. మాకు రోడ్డు పైన, ఇళ్ళు కింద. దండేనికి ఆరేసిన బట్టల్లా ఇళ్ళన్నీ రోడ్డుకి వేలాడుతుంటాయి. రోడ్డుకి ఆనుకున్నది ఒకటో అంతస్తు. అక్కణ్ణుంచి దిగుతూ రెండు, మూడు. ఎంత దిగితే అంత చీకటి, అంత చెమ్మ, అంత తక్కువ అద్దె. ఇక్కడ పుట్టినవాడు ఎవడూ ఇంకోలా లెక్కపెట్టడు.

"నాకు తెలీదనుకోకండి మీ తలకిందుల లెక్క," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆయన మైదానం మనిషి. బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. "కొత్తలో బ్రోకరు ఐదో అంతస్తు అంటే గాలీ వెలుతురూ అని ఎగిరి గంతేసి అడ్వాన్సిచ్చాను. తాళం తీస్తే గోడలకి నాచు. బల్లులకి కూడా జలుబు చేసే కొంప. ఆ రోజే నేర్చుకున్నాను. నిన్న ఫోను రాగానే మావాళ్ళకి నేనే చెప్పాను, నాలుగంటే మూడంతస్తులు దిగాలిరా అని."

"దిగారా?"

"దిగారు. బయటి మెట్ల మీంచి తిన్నగా నాలుగోదానికే వెళ్ళారు. వెనక గదులన్నీ చూశారు, లేడు. లోయవైపు జారాడేమోనని తుప్పలన్నీ గాలించారు. పైకొస్తుంటే రెండోదాంట్లో మూలుగు వినపడింది."

"ఎంతసేపటికి?"

జవాబు కానిస్టేబుల్ చెప్పాడు, మెల్లగా. "రెండు గంటలు పట్టిందమ్మా."

ఆ రెండు గంటల సంగతి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కూడా చెప్పాడు. ముందే తెచ్చుంటే ఈపాటికి కాఫీ అడిగేవాడట.

నిచ్చెన వేయించుకుని రెండో అంతస్తులోకి దిగాను. గది వెనక గోడ కొండే. కిటికీ లేదు. కన్నంలోంచి పడే వెలుతురు చదరంలోనే రక్తం మరక. గోడవైపుకి ఈడ్చిన జాడ లేదు. పడ్డచోటే ఉన్నాడు.

"తల ఎటువైపు?" అన్నాను.

కానిస్టేబుల్ చూపించాడు. "ఇటమ్మా. తల కింద కోటు ఉంది."

"ఎవరి కోటు?"

"ఆయనదే."

"కోటు చూడాలి."

"ఎందుకు?" పైనుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు. "చలిగా ఉందా?"

జీపులోంచి కోటు తెప్పించాను. మందపాటి ఉన్ని కోటు. రోప్‌వే వాళ్ళు వేసుకునేది. వీపు పొడుగునా సిమెంటు దుమ్ము, భుజం దగ్గర కన్నం అంచుకి గీసుకుని చిరిగిన చారిక. బొత్తాలు మాత్రం ఒక్కటీ తెగలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇలా ఒకసారి దిగండి."

"అక్కణ్ణుంచే చెప్పండి. నా మోకాలు కేసులో లేదు."

"పడేటప్పుడు ఈ కోటు ఒంటిమీదే ఉంది. వీపు చూడండి. పడ్డాక తల పగిలినవాడు లేచి కూర్చుని, బొత్తాలన్నీ విప్పి, మడత పెట్టుకుని, దాని మీద తల పెట్టుకుని స్పృహ తప్పాడంటారా?"

నిచ్చెన కిర్రుమంది. దిగాడు. కోటు తిప్పి చూశాడు. ఒప్పుకోవడం ఇష్టంలేని మనిషిలా ముక్కుతో ఊపిరి వదిలాడు.

"సరే, ఎవడో వచ్చాడు. జాలిపడి తల కింద పెట్టాడు. ఫోన్ చేశాడు. మంచివాడు."

"ఆ మంచివాడు ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈ గది వాసన వాడి ముక్కుకి పట్టింది. వెనక గది అని గుర్తుపెట్టుకుని మరీ చెప్పాడు. అంత సరిగ్గా చెప్పినవాడు అంతస్తు తప్పెలా చెప్తాడు?"

"కంగారులో."

"కంగారులో మనిషి నత్తి పెడతాడు. రెండుని నాలుగు చెయ్యడు."

"అయితే కంపెనీ ఏజెంటే అంటారా? మైదానం మనిషి, మా లెక్కలో కింది నుంచి ఎంచాడు అని? అదీ చూశాను." ఆయన కళ్ళు మెరిశాయి. ఈ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు. "నిన్న పొద్దున్నించీ వాడు మైదానంలో వాళ్ళ ఆఫీసులోనే ఉన్నాడు. నేనే కనుక్కున్నాను. ప్లాను గీసిన ఇంజనీరు కిందటి నెలే జీతం లేక వెళ్ళిపోయాడు. కింది నుంచి ఎంచేవాడు ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే మిగిలాను. అరెస్టు చేస్తారా?"

కానిస్టేబుల్ నవ్వాపుకున్నాడు. నేను ఆపుకోలేదు. బాగానే అన్నాడు.

"మిమ్మల్ని ఊళ్ళో పట్టుకారు అంటారట కదా," అన్నాడు నిచ్చెన ఎక్కుతూ. "పట్టుకారుతో నిప్పే పట్టుకోవాలి మేడమ్, పొగని కాదు. ఆసుపత్రిలో మనిషిని పెట్టాను. వాడు కళ్ళు తెరిస్తే మొదటి మాట నాది. వాడే ఒప్పుకుంటాడు చూడండి. ఒప్పుకున్నాక మీరూ మీ నర్సమ్మా నా జోలికి రావద్దు."

*

బేకరీకి వెళ్ళింది ప్రెసిడెంటు కోసం. కౌంటర్లో ఆయన భార్య ఉంది. స్టూలు మీద కూర్చుని రెండు మోకాళ్ళ మీదా వేడినీళ్ళ సంచులు పెట్టుకుంది.

"రండమ్మా, కూర్చోండి. ఆయన వెనక బట్టీ దగ్గరున్నారు. పిలవమంటారా? నేను లేవలేను, నన్ను మాత్రం లెమ్మనకండి," అంది. "మా ఆడపడుచు మీ దగ్గరికొచ్చిందట. పిచ్చిది. అమ్మానాన్నా పోయాక దాన్ని పెంచింది మా ఆయనే. నర్సు చదివించింది ఆయనే. ఆ రోప్‌వే అబ్బాయికిచ్చి చేసిందీ ఆయనే. ఏరికోరి చేస్తే ఇదీ ఫలితం."

"అమ్ముడుపోయాడంటారా?"

"బిళ్ళ జేబులో ఉందిగా! నేనంటే నా పాపం. ఊరంతా అంటోంది." ఒక బన్ను నా వైపు తోసింది. "తినండి. మాడలేదు, రంగే అంత."

"మీటింగులో చేతులెత్తితే మీ ఇల్లు కూడా పోతుంది కదండీ. దిగులు లేదా?"

"దిగులెందుకుండదు? ఏంచేస్తాం? నుదుటి రాత." నుదురు చూపించింది గానీ కళ్ళలో దిగులు వెతికితే దొరకలేదు.

"సంఘం చీటీల్లో మీకు ఐదోది వచ్చిందట?"

"చీటీ కాదమ్మా, ఆయనే కావాలని తీసుకున్నారు. ప్రెసిడెంటే మంచిది నొల్లుకున్నాడని అనిపించుకోకూడదట. అట్టడుగుది మాకు అని లేచి చెప్పారు. చప్పట్లే చప్పట్లు." ఒక సంచి తీసి రెండో వైపు తిప్పి పెట్టుకుంది. "చప్పట్లతో మోకాళ్ళు తగ్గుతాయా? నాలుగంతస్తులు రోజూ ఎక్కీ దిగీ నేనేమవ్వాలి? నెల్లాళ్ళు మాట్లాడలేదు నేను ఆయనతో. మా పెళ్ళయ్యాక అన్నాళ్ళు నోరు మూసుకోవడం అదే మొదలు."

"మరి రాజీ ఎలా పడ్డారు?"

"నాలుగోదన్నాక ఏదో..." అని ఆగింది.

నేను వినీ విననట్టు బన్ను తుంచాను. "ఐదైతేనేం, నాలుగైతేనేం వదినగారూ? నాలుగంతస్తులకి బదులు మూడు దిగుతారు. మోకాళ్ళకి పెద్ద తేడా ఏముంటుంది? మిమ్మల్ని మాయ చేసినట్టున్నారు మీవారు."

మొగుడు మాయ చేశాడంటే ఏ ఇల్లాలూ ఊరుకోదు. ఆమె మొహం ఎర్రబడింది.

"మూడెందుకు దిగుతానమ్మా? ఒక్కటేగా! రోడ్డు మీంచి ఒక్క వరస మెట్లు. పొద్దుటెండ నేరుగా గదిలోకి..."

వేడినీళ్ళ సంచి జారి కింద పడింది. ఇద్దరిలో ఎవరమూ దాన్ని తియ్యలేదు.

రోడ్డు మీంచి ఒక్క వరస దిగితే వచ్చేది రెండో అంతస్తు. ఈ ఊళ్ళో పసిపిల్లలు కూడా దాన్ని రెండే అంటారు. ఐదంతస్తుల్లో పై నుంచి రెండోది, కింది నుంచి నాలుగోది. కంపెనీ అమ్మేది మైదానం వాళ్ళకి. వాళ్ళకి నంబరు పెరిగినకొద్దీ మోజు. అందుకే ఆ కంపెనీ మా ఇంటిని కింది నుంచి ఎంచుతోంది. బిళ్ళ మీద నాలుగు అంటే ఆ నాలుగు.

కొండమీద పుట్టి, ఇక్కడే ముసలిదవుతున్న మనిషి, మోకాళ్ళు పట్టేసిన మనిషి, నాలుగో అంతస్తు అని మురిసిపోతోంది. కొన్నాళ్ళుగా ఈ ఇంట్లో ఆ లెక్కలోనే మాట్లాడుకుంటున్నారు. పక్కమీద, కంచం ముందు, దీపం ఆర్పాక కూడా. కొత్త ఇంట్లో ఇంకా కాలు పెట్టకుండానే నాలుకలు కాపురం మార్చేశాయి.

"ఏమండీ!" అని కేకేసింది ఆమె. పిలుపులా లేదు. హెచ్చరికలా ఉంది.

ప్రెసిడెంటు రొట్టెల పళ్ళెంతో వచ్చాడు. మోచేతుల దాకా పిండి. నన్ను చూసి నవ్వాడు. పెళ్ళాం మొహం చూసి నవ్వు మానేశాడు.

"కూర్చోండి," అన్నాను.

"నా కొట్లో నన్ను కూర్చోమంటున్నారా?"

"నిలబడి వినే మాట కాదు. నిన్న ఐదున్నరకి బస్టాండు నుంచి ఫోన్ చేసింది మీరు."

"నేనెందుకు చేస్తాను? నేను బట్టీ..."

"మీ బావ కోటు విప్పి తల కింద పెట్టింది మీరు. బొత్తాలు తెగకుండా విప్పారు. అంత ఓపిక పరాయివాడికి ఉండదు."

పళ్ళెం బల్ల మీద పెట్టాడు. రెండు రొట్టెలు దొర్లాయి. వాటిని సర్ది, మళ్ళీ సర్ది, ఇంక సర్దడానికేమీ లేక కూర్చున్నాడు.

"నేను తొయ్యలేదు," అన్నాడు చివరికి. "ఒట్టు. చెల్లెలి మీద ఒట్టు."

"ఆ ఒట్టు వద్దు. జరిగింది చెప్పండి."

"వాడికి ఎలా తెలిసిందో తెలిసింది. మాట్లాడాలి రా బావా అని బిల్డింగు దగ్గరికి పిలిచాడు. వెళ్ళాను. బిళ్ళ చూపించమన్నాడు. చూపించాను. ఇంక దాచేదేముంది? కంపెనీకి ఇచ్చేస్తే నీకూ ఒకటి ఇప్పిస్తానన్నాను. అన్నానండీ, అబద్ధమెందుకు? వాడు నా మొహాన ఉమ్మలేదు, తిట్టలేదు. 'అందరికీ రేపు మధ్యాహ్నం మీటింగులో నువ్వే చెప్పు, నేను చెప్తే బాగుండదు' అన్నాడు. అదీ నాకు మండింది. ఉమ్మినా బాగుండేది. బిళ్ళ లాక్కోబోయాడు, నేను వెనక్కి లాగాను. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. అంతే. మనిషి లేడు."

"మీరు దిగారు."

"దిగాను. బావా బావా అని పిలిచాను. ఒళ్ళో పెట్టుకున్నాను తల. ఊపిరి ఉంది. మొయ్యలేకపోయాను. పరిగెత్తుకెళ్ళి ఫోన్ చేశాను. చేశానా లేదా? వదిలేసి పోయానా? రెండు గంటలు ఆ పోలీసులు ఎక్కడ చచ్చారో నాకు తెలీదు! బస్టాండులో నిలబడి జీపు వెళ్ళడం చూశాను. ఐదు నిమిషాల్లో తెస్తారనుకున్నాను. ఆలస్యం చేసింది వాళ్ళు. నేను కాదు."

"ఫోన్లో ఏ అంతస్తని చెప్పారు?"

"నాలుగు. వెనక గది. సరిగ్గా చెప్పాను."

"వాళ్ళు నాలుగుకే వెళ్ళారు," అన్నాను. "మూడు వరసలు దిగి వెళ్ళారు. మన లెక్క ప్రకారం."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పిండి చేతులు గాల్లోకి లేచాయి. వేళ్ళు కదిలాయి, ఏదో ఎంచుతున్నట్టు. ముందు పై నుంచి, తర్వాత కింది నుంచి. తర్వాత ఆ చేతుల్లో మొహం పెట్టుకుని బల్ల మీదికి ఒరిగిపోయాడు. ఏడుపు గొంతులోంచి కాదు, వీపులోంచి వచ్చినట్టు వచ్చింది.

"రెండు అనే చెప్పాలి," అన్నాడు. "రెండు అనే కదా చెప్పాలి. నా నోటికి ఏం తెగులు పుట్టింది? పుట్టిన కాణ్ణించీ..."

జాలి వేసింది. ఆ జాలి ముదరకముందే రెండోది అడిగేశాను.

"బిళ్ళ లాక్కోబోయాడన్నారు. మీరు వెనక్కి లాగానన్నారు. అంటే పడేటప్పుడు బిళ్ళ మీ చేతిలోనే ఉంది. బొత్తాం పెట్టిన వెనక జేబులోకి అదెలా వెళ్ళింది?"

ఏడుపు ఆగింది. తల ఎత్తలేదు.

"తల కింద కోటు పెట్టారు. తర్వాత పక్కకి తిప్పి, జేబు బొత్తాం తీసి, బిళ్ళ పెట్టి, మళ్ళీ బొత్తాం పెట్టారు. ఆ చేతులతోనే. ఊపిరాడుతున్న మనిషికి. మీ చెల్లెలి మొగుడికి."

"మీటింగు ఉంది," అన్నాడు బల్ల లోపలికి. "వాడు లేచి చెప్పేస్తే నేను ఈ ఊళ్ళో... అప్పుడంతా ఒక్క నిమిషమండీ. ఒక్క నిమిషం."

"ఇంకా మూడు కాలేదు. మీరే లేచి చెప్పండి. అతను నిన్న అడిగిందీ అదే."

భార్య వైపు చూశాడు. ఆమె షాపు బయటికి చూస్తోంది. తలూపాడు. కళ్ళు తుడుచుకున్నాడు, చెంపల మీద పిండి చారలు పడ్డాయి. "చెప్తాను," అన్నాడు. "చెల్లికి ముందు చెప్పాలి. తర్వాత వాళ్ళకి. దాని మొహం ఎలా చూడను?"

నా ఫోను మోగింది. నర్సు.

ఆమె గొంతు వింటే ఆ మనిషి మాట మీద నిలబడతాడనుకున్నాను. ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాను. నా జన్మలో అంత తెలివితక్కువ పని ఇంకోటి చెయ్యలేదు.

"మేడమ్, ఆయన కళ్ళు తెరిచారు!" అంది నర్సు. అది సంతోషం గొంతు కాదు. "మాట వచ్చింది. ఇన్‌స్పెక్టర్ పక్కనే ఉన్నాడు, అడిగాడు, రాసుకున్నాడు. బేరానికి నేనే ఒప్పుకున్నాను అన్నారు మేడమ్ ఆయన! కంపెనీ దగ్గర ఫ్లాటు తీసుకుంది నేనే, ఎవరూ లేరక్కడ, నేనే జారిపడ్డాను అన్నారు. వేలిముద్ర కూడా వేశారు. నేను మంచం పక్కనే ఉన్నాను. నా మొహం వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. ఇన్నేళ్ళు ఎవరితో కాపురం చేశాను నేను?"

చూడకపోవడానికి కారణం నాకు తెలుసు. చూస్తే అబద్ధం నిలబడదు. తల్లీ తండ్రీ అయి పెంచిన అన్నయ్య దొంగ అని ఆమెకి తెలియడం కన్నా, మొగుడు దొంగ అనుకోవడమే ఆమెకి తేలిక అని ఆ మనిషి లెక్క వేసుకున్నాడు. కళ్ళు తెరిచిన నిమిషంలోనే వేసుకున్నాడు.

తలెత్తి ప్రెసిడెంటు మొహం చూశాను. ఏడ్చిన కళ్ళు అలాగే ఉన్నాయి. వాటి వెనక ఏదో సర్దుకుంటోంది. వంగిన వీపు మెల్లగా నిటారైంది. చెంప మీది పిండి తువ్వాలుతో శుభ్రంగా తుడుచుకున్నాడు. ఫోనుకి వినపడకుండా నా వైపు వంగాడు.

"విన్నారుగా," అన్నాడు. "వాడే ఒప్పుకున్నాడు."

"మీరు నాతో చెప్పింది..."

"నేనేం చెప్పాను?"

అతని భార్య వైపు తిరిగాను. ఆమె వంగి, మూలుగుతూ, కింద పడ్డ వేడినీళ్ళ సంచి అందుకుంది. మోకాలి మీద పెట్టుకుని సరిచేసుకుంది.

"నా వైపు చూడకండమ్మా," అంది. "నేనేమీ వినలేదు."

"మేడమ్, ఉన్నారా?" ఫోన్లో నర్సు. "బేకరీలోనే ఉన్నారా? అన్నయ్య ఉన్నాడా అక్కడ? నాకు భయంగా ఉంది మేడమ్, ఒక్కసారి అన్నయ్యకి ఇవ్వండి."

"అమ్మా, ఆగు. నేను చెప్పేది..."

నా చెయ్యి చేరేలోపల అతను ఫోను తీసేసుకున్నాడు. స్పీకర్ నొక్కి ఆపేశాడు. చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు నా మీద నుంచి తిప్పకుండా, చిన్నప్పుడు ఆ పిల్లని నిద్రపుచ్చిన గొంతు అదే అయ్యుంటుంది, అంత మెత్తగా అన్నాడు.

"ఏడవకు తల్లీ. నేనున్నాను కదా."